నలభై మీటర్ల తెల్లగుడ్డ

నవంబరు 18

అక్కా,

నువ్వు బస్సులో వేసిన అట్టపెట్టెను మొన్న పార్సిల్ ఆఫీసుకి వెళ్ళి తెచ్చుకున్నాను. మోసిన ఆటో అతను "ఇందులో ఏముందమ్మా, గాలా?" అన్నాడు. గుడ్డ, రిబ్బను, కాగితం పూలు ఎన్నున్నా బరువుండవు కదా. ఇంటికొచ్చి పరిస్తే మాత్రం మంచం చాలలేదు.

ముందుగది కిటికీలకి ఆ సన్నటి తెల్లగుడ్డ వేలాడదీశాను. నువ్వు రాసినట్టే పైన పదకొండు కుచ్చులు, కింద వదులు. గోడ పెచ్చులూడిన చోటు దాని వెనక దాక్కుంది. కింది వాటాలో నర్సు వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. ఎవరు చేశారని అడిగితే డెకరేటర్‌ని పెట్టుకున్నామని చెప్పాను. అబద్ధం కాదుగా, నువ్వూ డెకరేటర్‌వే. మా అక్క అన్నామంటే ఎక్కడుంటుంది, వాళ్ళాయనేం చేస్తాడు, వదిలేసి ఎందుకెళ్ళాడు, అన్నీ వరసగా వస్తాయి. ఎందుకా గొడవ.

మీ ఫంక్షన్ హాలుకి వచ్చేవాళ్ళకి డబ్బెక్కువై కళ్ళు కనబడవనుకుంటా. ఒక్కపూట వాడి ఇంత గుడ్డ వదిలేసిపోతారా? వాళ్ళు వదిలేస్తేనే మనకి దొరుకుతోందనుకో.

కొత్త సంవత్సరానికి ఇంకాస్త కావాలి. మీ మరిదికి వర్క్‌షాపులో ఓవర్‌టైం ఆపేశారు, కొత్తవి కొందామంటే మొహం ముడుచుకుంటారు. ఈసారి మా ఇంటికి కాస్త పెద్దవాళ్ళు వస్తారు. ఎవరో తర్వాత రాస్తాను. పోయినసారి పంపినట్టే బంగారు రంగు అట్ట అక్షరాలు కూడా పంపు.

ఉడత బాగుంది. పిల్లకి బ్యాంకులో ఉద్యోగం పర్మనెంటయింది. నీకు ఉత్తరం రాయమంటే తీరిక లేదంటుంది.

నీ చెల్లి

&nbsp;

డిసెంబరు 3

చెల్లీ,

పదకొండు కుచ్చులు పెట్టానని రాశావు. తొమ్మిదే పెట్టి ఉంటావు. చిన్నప్పుడు జడ సగం అల్లి రిబ్బను కట్టేసి బడికి పరిగెత్తినదానివి, నీ సంగతి నాకు తెలీదా.

పెట్టెలో తెల్ల శాటిన్ ఎనిమిది మీటర్లుంది, లేత నీలం రిబ్బను రెండు చుట్టలున్నాయి, అడిగిన అక్షరాలున్నాయి. మిగతాది నీ కాళ్ళూ చేతులూ చెయ్యాలి. వీధిలో కరెంటు తీగలకి అడ్డమొస్తున్నాయని చెట్ల కొమ్మలు నరికి పడేస్తారు చూడు, అందులో ఆకుల్లేని కొమ్మ ఒకటి తెచ్చుకో. సున్నం పూసి ఆరబెట్టి, నూనెడబ్బాలో రాళ్ళు పోసి నిలబెట్టు. ఒకటే సీరియల్ లైట్ల సెట్టు కింది నుంచి పైకి చుట్టు. వెనకాల నీ డ్రెస్సింగ్ టేబుల్ అద్దం పెట్టావంటే ఒక సెట్టు రెండు సెట్లవుతుంది. రాలిన ఆకులు పాత పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే రంగు పోకుండా నెలరోజులు ఉంటాయి. జామ్ సీసాల్లో కొవ్వొత్తులు పెట్టు. గదంతా నింపాలని చూడకు. ఒక మూల నిండుగా చేసి, వచ్చినవాళ్ళ కుర్చీలు అటు తిప్పెయ్. మనలాంటివాళ్ళకి అదే పద్ధతి.

ఉడతకి తీరిక లేదంటే నమ్ముతాను. నువ్వూ మరిదీ ఫ్యాక్టరీ క్వార్టర్సులో పిల్లకి చోటు లేదని దాన్ని నా దగ్గర వదిలినప్పుడు దానికి మూడేళ్ళు. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నా ఒక్క గదిలోనే పెరిగింది. ప్రతి పుట్టినరోజుకీ స్టేషనరీ కొట్టువాడు పారేసిన చుట్టుకాగితాలు ఏరుకొచ్చి ఇద్దరం పూలు చేసేవాళ్ళం. చేసినవి చేసినట్టు తలగడ కింద దాచేది. ఉడత అన్న పేరు అలాగే కదా వచ్చింది. ఇప్పటికీ నా వేళ్ళకి ఆ పువ్వు మడత గుర్తుంది.

డెకరేటర్‌ని పెట్టుకున్నామని చెప్పావుగా, మరి ఫీజేదీ?

అక్క

&nbsp;

జనవరి 9

అక్కా,

నీ కొమ్మ మా ఇల్లు నిలబెట్టింది. వచ్చినవాళ్ళెవరో ఇప్పుడు చెబుతాను. ఉడతతో బ్యాంకులో పనిచేసే అబ్బాయి, అతని అమ్మా నాన్నా. వాళ్ళకి ఫర్నిచర్ షాపులు రెండున్నాయి. పిల్లలిద్దరూ ముందే ఒకరినొకరు ఇష్టపడ్డారు. తండ్రి నోట్లో నాలుక లేని మనిషి. అంతా ఆ తల్లి చేతిలోనే ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. ఏ వస్తువు చేతికిచ్చినా తిరగేసి అడుగు చూస్తుంది. టీ తాగాక నా కప్పు కూడా బోర్లించి చూసింది. నా ప్రాణం పోయిందనుకో.

అలాంటి మనిషి ఆ అద్దం ముందు కొమ్మ దగ్గర ఆగిపోయింది. "ఇల్లు చిన్నదైనా శ్రద్ధ ఉంది. శ్రద్ధ లేని ఇంటి పిల్లని నేను చేసుకోను" అంది. డెకరేటర్ ఎవరని అడిగితే పై ఊరి నుంచి పిలిపిస్తామన్నాను.

సంబంధం ఖాయమయినట్టే. మార్చి 22న ఉంగరాలు మార్చుకుంటారు, అదీ మా ఇంట్లోనే. హాలు అద్దెకి తీసుకునే స్తోమత లేదని చెప్పలేక, ఇంట్లో అయితే ఆత్మీయంగా ఉంటుందని చెప్పాను. వాళ్ళవైపు నుంచే నలభై మంది. డాబా మీద నాలుగు పక్కలా గుడ్డ కట్టాలి, మెట్లకి కట్టాలి, ముందుగదికి కట్టాలి. వాటర్ ట్యాంకు, పక్కింటి గోడ, బట్టలారేసే తీగ, ఏదీ కనబడకూడదు. కొలిచాను, నలభై మీటర్లు పడుతుంది. మీ హాల్లో ఈ రెండు నెలల్లో ఎన్ని పెళ్ళిళ్ళున్నాయో చూసుకుని పోగుచెయ్యి.

అంత దూరం నువ్వు శ్రమపడి రానక్కర్లేదు. ఎలా కట్టాలో వివరంగా రాసి పంపు చాలు.

నీ చెల్లి

&nbsp;

జనవరి 20

చెల్లీ,

నీ ఉత్తరం చదివి, పని మధ్యలో నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. ఉడతకి పెళ్ళా? నా కుట్టుపెట్టెలో దాని పాలపన్ను ఇంకా ఉంది.

సంతోషం తర్వాత రాస్తాను. ముందు ఒక సంగతి చెప్పాలి. మూడేళ్ళుగా చెప్పకుండా నీళ్ళు నములుతున్నాను.

మా హాల్లో పెళ్ళిళ్ళు జరగవు. మనిషి పోయాక అయినవాళ్ళు చివరిచూపు చూసుకునే హాలు అది. నేను కుచ్చులు పెట్టేది శవపేటిక చుట్టూ. పని దొరికిన కొత్తలో హాల్లో అలంకరణ పని అని రాశాను. నువ్వు వెంటనే ఫంక్షన్ హాలా, ఎంత అదృష్టం అని రాశావు. ఆ మాట నాకే బాగుండి కాదనలేదు. గుడ్డ ఎందుకు వదిలేసి పోతారని అడుగుతుంటావు కదా. ఆ గుడ్డ ఎవరు ఇంటికి తీసుకెళతారు? మేనేజరు తీసుకోమంటాడు, నేను ఉతికి నీకు పంపుతాను. ఆ బంగారు అక్షరాలు పోయినవాళ్ళ పేర్లవి. నీ గోడ మీద మెరుస్తున్న ప్రతి అక్షరమూ ఎవరో ఒకరి పేరులోంచి ఊడదీసిందే.

నీ కిటికీలకి వేసుకుంటే ఏముందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఉడత నవ్వుతూ నిలబడే చోట ఆ గుడ్డ నేను కట్టలేను. నా దగ్గర కాస్త డబ్బుంది. కొత్త నూలుగుడ్డ ఇరవై మీటర్లు కొంటాను. మిగతా చోటంతా పూలతో కప్పేస్తాను, మేము చేసుకునేవాళ్ళం చూడు, ఆ పూలు. నాలుగు రోజులు ముందే వస్తాను. నాకు గది అక్కర్లేదు, వంటింట్లో చాప వేస్తే చాలు.

తిట్టాలనుంటే తిట్టు. పాతవన్నీ తీసేసి మూటగట్టి పంపించెయ్.

అక్క

&nbsp;

ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం చదివాను. లేచి వెళ్ళి కిటికీ గుడ్డ పీకబోయాను. తర్వాత కూర్చుని ఆలోచించాను.

గుడ్డకేం తెలుసు. మూడేళ్ళుగా నువ్వు పంపినదేదో ఒకటి మా ఇంట్లో వేలాడుతూనే ఉంది, ఎవరికీ జలుబు కూడా చెయ్యలేదు. ఉడతకి ఉద్యోగం వచ్చింది, సంబంధం కుదిరింది, అన్నీ ఆ కుచ్చుల కిందే. నువ్వు కొంటానన్న నూలుగుడ్డ వద్దు, చవకగా కనబడుతుంది. ఆ హెడ్‌మిస్ట్రెస్ వేళ్ళతో నలిపి చెప్పేస్తుంది. శాటినే పంపు. నలభై మీటర్లు. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతుకు.

నువ్వు మాత్రం రావద్దు. కోపం తెచ్చుకోకుండా విను. గుడ్డ మైల ఉతికితే పోతుంది. నీ మైల ఉతికితే పోదు. నలభై మంది కొత్తవాళ్ళు ఉంటారు. పెళ్ళికూతురి పెద్దమ్మ అనగానే నీ పక్కన చేరి మీరేం చేస్తారండీ అంటారు. నీకు అబద్ధం ఆడటం రాదు, చెవులు ఎర్రబడిపోతాయి. శవాల హాల్లో పని అని ఎక్కడ బయటపడుతుందోనని నేను ఆ రోజంతా నీ చెవుల వంక చూస్తూ ఉండాలా?

పిల్లని ఆరేళ్ళు పెంచావు. నేనేమైనా కాదన్నానా? ఆ పిల్ల మంచి కోసమే అడుగుతున్నాను.

నీ చెల్లి

&nbsp;

ఫిబ్రవరి 11

చెల్లీ,

రెండు పెట్టెలు బస్సుకి వేశాను. నలభై రెండు మీటర్లుంది. రెండుసార్లు కాదు, మూడుసార్లు ఉతికాను. గంజి పెట్టలేదు, శాటిన్‌కి పెట్టకూడదు. ఇస్త్రీ చేసి చేసి వీపు పట్టేసింది.

నా మైల ఉతికితే పోదన్నావు. ఆ ముక్క రాసి కూడా కింద నీ చెల్లి అని ఎలా సంతకం పెట్టావో అర్థం కాలేదు.

నిన్ను బతిమాలను. ఉడతని ఒక్కమాట అడుగు. నేను రావడం దానికి ఇష్టం లేదంటే నోరు మూసుకుని ఊరుకుంటాను, దాని నోటి మాట మీద మళ్ళీ పెదవి విప్పను. నీ మాట మీద మాత్రం ఊరుకోను.

అక్క

&nbsp;

ఫిబ్రవరి 25

అక్కా,

నీ గుడ్డ డాబా మీద కట్టి చూశాం. మీ మరిది నిచ్చెనెక్కితే నేను కింద పట్టుకున్నాను. వానలో తడిసి ఆరేసిన దుప్పట్లలా ఉంది. గాలికి లేచి ట్యాంకు మీద పడింది. ఇక్కడ డెకరేటర్లని అడిగితే వాళ్ళు చెప్పిన రేటుకి పెళ్ళే అయిపోతుంది.

ఉడతతో మాట్లాడాను. నువ్వు రావాలనే అంది. ఇప్పటికైనా చల్లబడ్డావా?

ఒకటే సర్దుబాటు. వాళ్ళకి పై ఊరి డెకరేటర్ అని చెప్పి ఉన్నాం కదా, నువ్వు ఆ డెకరేటర్‌గా రా. ముదురు రంగు చీర కట్టుకో, తలకి గుడ్డ చుట్టుకో, మెడలో కొలత టేపు వేసుకో. నన్ను అమ్మగారూ అను. ఉడతని ఉడత అనకు, దానికిప్పుడు ఆ పేరంటేనే చిరాకు. ఎవరైనా ఏమైనా అడిగితే అమ్మగారిని అడగండి అని తప్పుకో. అలా అయితే నువ్వు అబద్ధం ఆడాల్సిన పనే ఉండదు, నిజంగా కుచ్చులు పెట్టేదానివేగా. పిల్లని కళ్ళారా చూసుకోవచ్చు. పెళ్ళయి ఆర్నెల్లు పోయాక నెమ్మదిగా అందరికీ చెప్పుకుందాం.

నీ చెల్లి

&nbsp;

మార్చి 4

చెల్లీ,

వస్తాను.

మొదటిసారి చదివినప్పుడు నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. తర్వాత "నువ్వు రావాలనే అంది" అన్న దగ్గర ఆగిపోయాను. మిగతా వేషాలన్నీ నీ బుర్రలో పుట్టినవని తెలుస్తూనే ఉంది. చిన్నప్పుడు కూడా నాటకాల్లో రాణి వేషం నీదే, చామరం పట్టుకునేది నేనే. అమ్మగారూ అనమంటే అంటాను, నాలుక అరిగిపోదు.

పూలు మొదలుపెట్టాను. రెండొందలు చెయ్యాలని ఉంది, నూట ముప్పై అయ్యాయి. చుట్టుకాగితంతోనే చేస్తున్నాను. మా మేనేజరు చూసి ఎవరి కోసమని అడిగాడు. ఇక్కడ ఆ ప్రశ్నకి అర్థం వేరే కదా. బతికున్న పిల్ల కోసం అన్నాను. నవ్వాడు.

ఒక్క కోరిక. నలుగురితో పాటు ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టి భోజనం పెట్టించు. డెకరేటర్‌కి ఆ మాత్రం పెడతారు. ఉంగరం తొడిగేటప్పుడు నేను ఎదురుగా ఉండాలి.

అక్క

&nbsp;

మార్చి 28

చెల్లీ,

క్షేమంగా చేరాను. మోకాలు వాచింది. నీ డాబా మెట్లు ఎవడు కట్టాడో గానీ మనిషి కోసం కట్టలేదు.

పని నాకు నచ్చింది. ట్యాంకు కనబడిందా? తీగ కనబడిందా? సాయంత్రం ఎండ శాటిన్ మీద పడినప్పుడు నీ డాబా ఎవరో కలిగినవాళ్ళ ఇల్లులా ఉంది. మరిది నన్ను చూసి రెండుసార్లు తల దించుకున్నాడు, నీకంటే ఆయన నయం. నువ్వు "ఏవమ్మా, ఆ రిబ్బను సరిగ్గా చూడు" అన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది. వేషం నాకంటే నీకే బాగా కుదిరింది.

నాకు భోజనం వెనక వరండాలో, టెంటు కుర్రాళ్ళ పక్కన పెట్టించావు. సరే, పోనీ. ఉంగరాల వేళకి నన్ను కిందికి పంపి మెట్ల రిబ్బను కట్టమన్నావు. చప్పట్లు వినపడ్డాయి. అంటే అయిపోయిందన్నమాట అనుకున్నాను. దీన్ని మాత్రం పోనీ అనలేకపోతున్నాను. నాలుగొందల మైళ్ళు బస్సులో కూర్చుని వచ్చింది ఆ చప్పట్లు మెట్ల మీద నుంచి వినడానికి కాదు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఉడత నన్ను గుర్తుపట్టలేదు. నేను నిచ్చెన మీద ఉన్నాను. తలకి గుడ్డ, కళ్ళజోడు, పదహారేళ్ళయింది కదా అది నన్ను దగ్గరగా చూసి. అది నిచ్చెన కిందకి వచ్చి నిలబడి "ఎడమ పక్క కుచ్చు వంకరగా ఉంది, సరిచెయ్యండి" అంది. అంతే అంది. ఎంత పొడుగయిందే అది! నేను కుచ్చు పట్టుకుని దాని మొహమే చూస్తూ ఉండిపోయాను. నేను వస్తానని దానికి నువ్వు చెప్పనే లేదని అప్పుడు అర్థమయింది. రావాలనే అంది అని నాకు రాశావు. దానికి చెప్పకుండా నాకు అలా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఇప్పుడైనా చెప్పు. నిచ్చెన మీద ఉన్నది పెద్దమ్మ అని చెప్పు. ఏడుస్తుంది, నాకు తెలుసు. ఏడవనీ.

ఇంకొకటి. పెళ్ళికొడుకు తల్లి నా దగ్గరికి వచ్చి కుచ్చులు పట్టి చూసింది. "ఇవి ఎక్కడో చూశానమ్మా" అంది. పెళ్ళికి కూడా నన్నే పిలుస్తానని అడ్రసు అడిగింది. నువ్వు పక్కన లేవు. ఏం చెప్పాలో తోచక మా హాలు వీధి పేరు, నంబరు కాగితమ్మీద రాసిచ్చాను. ఏం హాలో రాయలేదు. కంగారుపడకు. ఆవిడ నిజంగా వస్తే బయట గేటు దగ్గరే కలిసి ఏదో ఒకటి చెప్పి పంపేస్తాను. ఇది పక్కవాళ్ళ హాలు, నా గోడౌను ఇంకెక్కడో ఉందంటాను. చెవులు ఎర్రబడితే పడనీ. ఉడత కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడతాను.

అక్క

&nbsp;

ఏప్రిల్ 5

అక్కా,

నీకు మతి ఉందా? అడ్రసు రాసిస్తావా? ఆవిడకి మీ ఊళ్ళోనే తమ్ముడు ఉండేవాడట. రెండేళ్ళ కిందట పోయాడు. మొన్న ఫోన్లో మాటల మధ్య అంది. ఆ కుచ్చులు ఎక్కడ చూసిందో నీకు ఇప్పటికైనా వెలిగిందా? నాకు అన్నం సహించడం లేదు. వచ్చే వారం తమ్ముడి పెళ్ళాన్ని చూడ్డానికి అటు వస్తుందట, పనిలో పనిగా డెకరేటర్‌ని కూడా కలుస్తానంది. కలిస్తే నువ్వు రాసినట్టే చెప్పు. నువ్వు ఆ హాల్లో పనిచెయ్యవు, గుడ్డ కొట్లో కొన్నది, అంతే. ఒక్క ముక్క తేడా వస్తే ఉడత బతుకు వీధిన పడుతుంది. తెలిసి చేశామని ఆవిడకి తెలిస్తే గడప తొక్కనివ్వదు.

ఇక అన్నీ నా మీద తోసి రాశావు కాబట్టి చెబుతున్నాను. నేను నీకు అబద్ధం రాయలేదు. ఉడత నువ్వు రావాలనే అంది. గుడ్డ కట్టడం మాకు చేతకాక తిప్పలు పడుతుంటే "పెద్దమ్మని పిలవండి, డెకరేటర్ అని చెబుదాం" అంది. ఆలోచన దానిది. తలకి గుడ్డ చుట్టుకోమన్నది అది. ఉంగరాల వేళకి నిన్ను మెట్ల మీదకి పంపమన్నదీ అదే, నువ్వు ఎక్కడ ఏడ్చేస్తావోనని. నేనైతే వెనకాల నిలబడనిద్దామనుకున్నాను. నిన్ను గుర్తుపట్టకపోవడం ఏంటి? గేటు దగ్గర నువ్వు ఆటో దిగేటప్పుడే గుర్తుపట్టింది. మొహం మీద ఏమీ కనబడనివ్వకుండా ఎంత బాగా నెట్టుకొచ్చిందో నువ్వే చూశావుగా. నాకంటే తెలివైంది.

నువ్వు కిందికి వెళ్ళాక నీ కాగితం పూలు కూడా అదే తీయించింది, చిన్నపిల్లల పుట్టినరోజులా ఉందని. చెత్తబండికి వేసేశాం. నేను నీకు చెప్పకూడదనుకున్నాను. నన్నొక్కదాన్నే రాక్షసిని చేస్తుంటే ఎంతకని ఊరుకుంటాను?

ఆవిడ వస్తే ఏం చెప్పాలో పైన రాశాను, ఇంకోసారి చదువుకో. నువ్వే దిక్కు.

నీ చెల్లి

&nbsp;

ఏప్రిల్ 16

అమ్మగారికి,

డెకరేటర్ రాస్తున్నాను.

మీ ఉత్తరం సోమవారం ఉదయం అందింది. పెళ్ళికొడుకు తల్లిగారు మంగళవారం వచ్చారు. ఆవిడ ఆదివారం వచ్చి ఉంటే గేటు దగ్గరే నిలబెట్టి నేను మీకు రాసిన అబద్ధాలన్నీ చెప్పి పంపేసేదాన్ని. వాటిని అద్దం ముందు నిలబడి బట్టీ కూడా పట్టాను.

మంగళవారం నేను గేటు దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడే లోపలికి వచ్చారు. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద ఎవరో ముసలాయన పేటిక ఉంది. ఆవిడ మూడో వరసలో ఒక కుర్చీ చూపించి, రెండేళ్ళ కిందట తమ్ముడి కోసం అక్కడే కూర్చున్నానని చెప్పారు. తర్వాత నేను కడుతున్న గుడ్డ అంచు తిరగేసి చూశారు. లోపలి వైపు మా హాలు ముద్ర ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. మీ డాబా మీద కూడా అదే ముద్ర చూశానని, అప్పుడు అదేమిటో తెలియలేదని చెప్పారు.

ఆవిడ నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. అక్కడ కట్టింది ఈ గుడ్డేనా అని అడిగారు. అవునన్నాను. ఆ ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి తెలుసా అని అడిగారు. తెలుసండీ, తెలిసే నలభై మీటర్లు అడిగారు అన్నాను. నా చెవులు ఎర్రబడలేదు.

వెళ్ళబోతూ ఆగి, "ఆ అమ్మాయి మీకేమవుతుంది? నిచ్చెన మీద నుంచి మీరు దాని వంకే చూస్తున్నారు" అన్నారు.

"ఏమీ కాదండీ. పనికి పిలిచారు, వెళ్ళాను" అన్నాను.

పెద్దమ్మనయి ఉంటే మీ అమ్మాయిగారి కోసం ఆ పూట ఎన్ని అబద్ధాలైనా ఆడి ఉండేదాన్ని. అబద్ధాలు ఆడటం అయినవాళ్ళు చేసే పని. కూలికి వచ్చిన మనిషి ఎందుకు ఆడుతుంది? ఆవిడ కర్చీఫుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు. ఈపాటికి మీకు కబురు అందే ఉంటుంది.

గుడ్డలన్నీ ఉతికి, మడతపెట్టి, అట్టపెట్టెల్లో వేసి బస్సుకి పంపండి. ఇక్కడ వాటితో పని ఉంది. అక్షరాలు కూడా ఒక్కటి తగ్గకుండా పంపండి. పెద్దమ్మ దగ్గర దాచిన పాలపన్ను మీ అమ్మాయిగారిదే కాబట్టి ఈ కవర్లో పెట్టాను, పారేస్తే మీరే పారెయ్యండి.

మీ అమ్మాయిగారితో ఒక్కమాట చెప్పండి. ఎడమ పక్క కుచ్చు వంకరగా లేదు. నేను టేపుతో కొలిచే పెట్టాను.